పిల్లికి మళ్లీ మళ్లీ మూత్రం సమస్య వస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఒక్క మాట. మీ మగపిల్లి ఇప్పుడే, ఈ పూటే, లిట్టర్ బాక్సులో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే ఇది చదవడం ఆపేసి ఆటో మాట్లాడుకోండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అంత అర్జెంటా? రేపు పొద్దున్నే తీసుకెళ్తే సరిపోదా?

సరిపోదు. మగపిల్లికి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. అక్కడ ఇసుక రేణువంత రాయి అడ్డుపడ్డా, జిగురు, స్ఫటికాలు కలిసి గట్టిపడిన ముద్ద ఇరుక్కున్నా దారి మూసుకుపోతుంది. కొన్నిసార్లు అడ్డు ఏమీ ఉండదు, వాపు వల్లో నాళం బిగుసుకుపోవడం వల్లో ఆగిపోతుంది. బయటికి పోవాల్సింది పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, అది గుండె వేగాన్ని తగ్గించేస్తుంది, చివరికి ప్రాణం తీసేది చాలావరకు అదే. పూర్తిగా మూసుకుపోయిందంటే ఒకటి రెండు రోజుల్లోనే చేయిదాటిపోతుంది.

వాంతులు, తిండి మానేయడం, మంచం కిందకి పోయి ముడుచుకుని పడుకోవడం, ఎత్తుకోబోతే అరవడం, పదే పదే అక్కడే నాక్కోవడం... ఇవి కనబడితే రాత్రి పన్నెండైనా సరే బయల్దేరాలి. పొట్ట కింద గట్టిగా ఉండలా తగలొచ్చు, కానీ ఉందో లేదో అని మీరు నొక్కి చూడకండి. ఇంకో సంగతి, ముక్కుతోంది కదా అని మలబద్ధకం అనుకుని ఆముదమో నెయ్యో పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా ఒక రాత్రి గడిచిపోతుంది, దానికి మిగిలిన టైమే అంత.

మీ ఊళ్లో రాత్రిపూట చూసే క్లినిక్ ఏదో, అక్కడ పిల్లికి క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నటి గొట్టం) వేస్తారో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి. చాలా చోట్ల కుక్కల్నీ గేదెల్నీ చూస్తారు గానీ పిల్లికి మత్తిచ్చి సన్నటి క్యాథెటర్ వేసే అలవాటు ఉండదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి. వాటి వేళలు కూడా ముందే తెలుసుకోండి.

మాది ఆడపిల్లి. భయం లేదా?

నాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి మూసుకుపోవడం చాలా అరుదు. మంట, రక్తం, రాళ్లు మాత్రం దానికీ వస్తాయి, కింద చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

అసలు ఈ జబ్బు పేరేంటి? ఒక్కో డాక్టరు ఒక్కోటి చెబుతున్నారు.

ఎందుకంటే ఇది ఒక్క జబ్బు కాదు. బయటికి కనబడే లక్షణాలు మాత్రం అన్నిటికీ ఒకటే: మాటిమాటికీ వెళ్లడం, చుక్కలు చుక్కలుగా పోయడం, మూత్రంలో రక్తం, బాక్సు వదిలేసి పరుపు మీదో బాత్రూమ్ మూలనో పోయడం. లోపల కారణం రాయి కావచ్చు, ముద్ద కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు. కానీ చిన్న వయసు, నడి వయసు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో ఎన్ని పరీక్షలు చేసినా ఇవేవీ దొరకవు, మూత్రాశయం మాత్రం వాచి మండుతుంటుంది. దాన్నే ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. అంటే కారణం తెలియని వాపు, దీని వెనక ఒత్తిడి పాత్ర చాలా ఉంటుంది.

ఏది వచ్చిందో తేలకుండా తిండి మార్చడం దండగ. నా మాట వింటే మొదటిసారే మూత్ర పరీక్షతో పాటు ఒక ఎక్స్‌రేనో స్కానింగో చేయించండి. అది ఖర్చే. అయితే ఏడాది పొడుగునా తప్పు ఫుడ్డు కొనడం కంటే తక్కువ ఖర్చు.

మా అత్తగారు "వేడి చేసింది, మజ్జిగ పోయండి, సర్దుకుంటుంది" అంటున్నారు. పోయినసారి నిజంగానే సర్దుకుంది కూడా.

సర్దుకుని ఉంటుంది, నేను కాదనను. ఇడియోపతిక్ సిస్టైటిస్ చాలావరకు వారం లోపల దానంతటదే తగ్గిపోతుంది. ఆ వారంలో మీరు మజ్జిగ పోస్తే మజ్జిగకి పేరు, యాంటీబయాటిక్ వేస్తే యాంటీబయాటిక్‌కి పేరు, దిష్టి తీస్తే దిష్టికి పేరు. ఈ జబ్బు విషయంలో ఇన్ని చిట్కాలు బతికి ఉండటానికి కారణం ఇదే. చిట్కా పనిచేసిందా లేదా అన్నది ఆ వారం చూస్తే తెలియదు, తర్వాత ఆరు నెలల్లో ఎన్నిసార్లు తిరగబెట్టిందో చూస్తే తెలుస్తుంది.

ఎండల సంగతిలో మాత్రం అత్తగారి మాటలో కొంత నిజముంది. ఏప్రిల్, మే నెలల్లో ఒంట్లో నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే మంట, స్ఫటికాలు రెండూ ఎక్కువవుతాయి. దానికి మందు నీళ్లే. పెరిగిన పిల్లులు చాలావాటికి పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి. పల్చటి మజ్జిగ రెండు చెంచాలు ఇష్టంగా తాగితే తాగనివ్వండి, ఉప్పు వేయకండి, అంతే.

యాంటీబయాటిక్ కోర్సు వాడాం, నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇంకా స్ట్రాంగ్ మందు కావాలా?

అసలు బ్యాక్టీరియా ఉందా అని ముందు అడగండి. చిన్న వయసు పిల్లుల్లో నిజమైన ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. పదేళ్లు దాటినవాటిలో, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాటిలో, క్యాథెటర్ వేసి తీసినవాటిలో అది పెరుగుతుంది. తేల్చడానికి కల్చర్ పరీక్ష ఉంది. దానికి మూత్రాన్ని సన్నటి సూదితో నేరుగా మూత్రాశయం నుంచే తీస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ పిల్లులు దాన్ని మామూలు ఇంజెక్షన్‌లాగే ఓర్చుకుంటాయి.

పోయినసారి మిగిలిన మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని సొంతంగా వేయొద్దు. ఉదాహరణకి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డోసు ఎక్కువైతే పిల్లి చూపు పోయే ప్రమాదం ఉంది. నొప్పికని పారాసెటమాల్ అసలే వద్దు, అర మాత్ర కూడా పిల్లిని చంపగలదు. నొప్పి తగ్గించడం మాత్రం చాలా ముఖ్యం, పిల్లికి పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవి రాయమని డాక్టర్ని నోరు తెరిచి అడగండి. అడగకపోతే యాంటీబయాటిక్ ఒక్కటే రాసి పంపేసేవాళ్లూ ఉన్నారు.

రిపోర్టులో "క్రిస్టల్స్ ప్లస్ ప్లస్" అని ఉంది. రాళ్లున్నట్టేనా?

కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రంలో కూడా స్ఫటికాలు కనబడొచ్చు. పైగా శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టినా, పొద్దున పట్టింది సాయంత్రం చూసినా సీసాలోనే కొత్తగా స్ఫటికాలు ఏర్పడతాయి. పట్టిన అరగంట, గంటలోపల చూసిన రిపోర్టుకే విలువ. ఇంట్లో పట్టాలంటే లిట్టర్ తీసేసి బాక్సులో శుభ్రమైన చిన్న ప్లాస్టిక్ ముక్కలో, అక్వేరియం గులకరాళ్లో వేసి, పోసిన వెంటనే సూది లేని సిరంజితో లాగి నేరుగా ల్యాబుకి పరుగెత్తాలి.

స్ట్రువైట్, ఆక్సలేట్ అంటున్నారు. తేడా ఏంటి?

తిండి విషయంలో తేడా అంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన రాయి. మూత్రం క్షార గుణంలోకి వెళ్తే ఇది పేరుకుంటుంది, కాస్త ఆమ్లంగా, పల్చగా ఉంటే కరిగిపోతుంది. సరైన యూరినరీ డైట్ (మూత్ర సమస్యల కోసం చేసిన తిండి) పెడితే చాలా పిల్లుల్లో రెండు నుంచి నాలుగు వారాల్లో ఆపరేషన్ లేకుండానే కరుగుతుంది. షరతు ఒకటే, ఆ డైట్ తప్ప ఇంకేమీ పెట్టకూడదు. మగపిల్లిలో రాయి కరిగి చిన్నదవుతున్నప్పుడు జారి నాళంలో ఇరుక్కునే అవకాశం ఉంది కాబట్టి ఆ వారాల్లో కన్ను వేసి ఉంచాలి.

క్యాల్షియం ఆక్సలేట్ ఏ తిండికీ కరగదు. అడ్డుపడుతుంటే తీయించాల్సిందే. తర్వాత మళ్లీ రాకుండా చేతిలో ఉన్న పెద్ద ఆయుధం నీళ్లే. ఈ రాయి వచ్చిన పిల్లికి రక్తంలో క్యాల్షియం కూడా చూపించాలి, కొన్నిట్లో అది ఎక్కువగా ఉంటుంది, అప్పుడు కథ వేరు.

ఒకప్పుడు పిల్లుల్లో దొరికే రాళ్లు ఎక్కువగా స్ట్రువైటే. 1980లలో ఫుడ్ కంపెనీలు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చేలా ఫార్ములాలు దిద్దాయి. స్ట్రువైట్ తగ్గింది, 1990లకి ఆక్సలేట్ పెరిగింది. ఒకదాన్ని వంచితే ఇంకోటి లేచిందన్నమాట. అందుకే "యూరిన్ ఆమ్లంగా ఉంటే మంచిదట" అని ఎవరో చెబితే విని పౌడర్లు కలపకండి. యూరినరీ డైట్‌లో ఆ పని ఎలాగూ జరుగుతోంది, దాని మీద ఇంకోటి వేస్తే హద్దు దాటుతుంది.

ఏ ఫుడ్ కొనాలి? షాపువాడు మామూలు ప్యాకెట్ మీదే "యూరినరీ కేర్" అని చూపిస్తున్నాడు.

రాయల్ కానిన్ యూరినరీ ఎస్ఓ, హిల్స్ సీడీ మల్టీకేర్, ఫార్మినా వెట్ లైఫ్ స్ట్రువైట్ లాంటివి చికిత్స కోసం చేసిన డైట్లు. షాపులో మామూలు రకాల మీద రాసి ఉండే "యూరినరీ కేర్" వీటికి సమానం కాదు, రాయి కరిగించాలంటే అది చాలదు. చికిత్స డైట్లలో కొన్నిటిలో దాహం పెంచడానికి సోడియం ఎక్కువ వేస్తారు, కాబట్టి కిడ్నీ, గుండె జబ్బు, బీపీ ఉన్న పిల్లికి అడగకుండా మొదలుపెట్టొద్దు. గర్భంతో ఉన్నవాటికీ, కూనలకీ కూడా వద్దు.

ధర మండిపోతుంది, నిజమే. అలాగని సగం ఇది, సగం మామూలు కిబుల్ (పొడి గింజల తిండి) కలిపి పొదుపు చేద్దామంటే రెండిటికీ చెడుతుంది. స్ట్రువైట్ కరిగించేటప్పుడైతే ఆ నెల రోజులు డబ్బు పూర్తిగా పెట్టండి, రాయి పోయిందని ఎక్స్‌రేలో తేలాక చవకైన దారి ఏమైనా ఉందేమో డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

డ్రై ఫుడ్డా, పౌచా?

పౌచ్. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. పౌచ్ అంటే తడి తిండి, అందులో ముప్పావు వంతుకు పైగా నీళ్లే, కిబుల్‌లో పదో వంతు కూడా అరుదు. పిల్లికి కిలో బరువుకి రోజుకి సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, అంటే నాలుగు కిలోల పిల్లికి 200. రెండు 85 గ్రాముల పౌచ్‌లు తింటే అందులో 130 దాకా తిండితోనే లోపలికి పోయినట్టే. అదే కిబుల్ మీద బతికే పిల్లి ఆ మొత్తం గిన్నెలో తాగాలి, అది తాగదు. వీటి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు, తిన్న ఎలుకలోని తడితోనే బతికిన జాతి, దాహం వేసినా పట్టించుకోని ఒళ్లు.

1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇడియోపతిక్ సిస్టైటిస్ ఉన్న పిల్లులకి ఒకే రకం డైట్‌ని కొన్నిటికి డబ్బా రూపంలో, కొన్నిటికి డ్రైగా పెట్టి ఏడాది చూశారు. డబ్బా తిన్నవాటిలో 11 శాతానికి తిరగబెట్టింది, డ్రై తిన్నవాటిలో 39 శాతానికి.

మాది పౌచ్ మూతి కూడా పెట్టదు. కిబుల్ పిచ్చి.

ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చకండి. కుక్కతో చెల్లుతుంది, పిల్లితో చెల్లదు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి లివర్‌లో కొవ్వు పేరుకుని అదొక కొత్త ప్రాణాపాయం అవుతుంది, లావుగా ఉన్నవాటికి మరీను. అలవాటు మార్చడానికి వారం, పది రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల. కిబుల్ మీద ముందు చెంచా గోరువెచ్చని నీళ్లు చల్లండి, రోజురోజుకీ కాస్త పెంచండి. పౌచ్‌ని ఫ్రిజ్ నుంచి తీసి అలాగే పెడితే వాసన రాదు, ఒళ్లు వెచ్చదనం వచ్చేలా చేసి పక్కన చిన్న ముద్ద పెట్టి వదిలేయండి. నానబెట్టిన కిబుల్‌ని మన ఎండల్లో గంట దాటి ఉంచొద్దు, పులుస్తుంది.

నీళ్లు తాగించేదెలా?

తిండి గిన్నె పక్కన నీళ్లు పెట్టకండి, వేరే గదిలో పెట్టండి. రెండు మూడు చోట్ల పెట్టండి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న స్టీలు పళ్లెమో పింగాణీ గిన్నో అయితే మీసాలు తగలవు. మా వాడు గిన్నెలో నీళ్లు వాసన చూసి పోతాడు గానీ బాత్రూములో బకెట్ అంచు మీద ముందు కాళ్లు పెట్టి, వంగి, తోక గాల్లో బ్యాలెన్స్ చేసుకుంటూ గుటకలు గుటకలుగా తాగుతాడు, దానికోసం రోజూ ఆ బకెట్ కడిగి మంచినీళ్లు నింపడమే నా పని. మీ పిల్లికి ఏది నచ్చిందో అదే దాని గిన్నె. కొన్నిటికి పారే నీళ్లు ఇష్టం, ఫౌంటెన్ కొంటే పనికొస్తుంది, కానీ వారానికోసారి విప్పి కడగకపోతే జిడ్డు పడుతుంది.

చికెన్ ఉడికించిన నీళ్లు చల్లార్చి పోయొచ్చు, ఉప్పు, ఉల్లి, అల్లంవెల్లుల్లి పేస్టు ఏదీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి. కూర గిన్నెలోంచి పులుసు తీసి పోయడం ఈ లెక్కలోకి రాదు.

నీళ్లు సరిపోతున్నాయో లేదో చూడటానికి మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ అని, అంటే అది ఎంత చిక్కగా ఉందో చెప్పే ఒక లెక్క ఉంటుంది. రాళ్లు వచ్చే పిల్లికి అది 1.030 కంటే తక్కువ ఉండేలా చూస్తారు. చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ అంకె అడిగి రాసిపెట్టుకోండి.

బోరు నీళ్ల వల్లే రాళ్లొస్తాయట కదా? ఆర్‌వో నీళ్లే పోయాలా?

మన గ్లాసులో పడే నీళ్లు దానికీ పోయండి. నీటి కఠినత్వమే పిల్లుల్లో రాళ్లకి కారణమని గట్టి ఆధారం లేదు. ఎన్ని నీళ్లు తాగుతోందన్నదే లెక్క.

ఇంటి తిండి పెట్టొచ్చా? పెరుగన్నం, చేపలు తిని పెరిగిన పిల్లి.

వీధిలో తిరిగి ఎలుకల్నీ బల్లుల్నీ తిని మధ్యలో మనింట్లో పెరుగన్నం నాకిన పిల్లి వేరు, ఫ్లాట్‌లో మూడో అంతస్తు దాటని పిల్లి వేరు. రెండో దానికి మీరు పెట్టిందే సర్వం. వట్టి చికెన్ అయితే ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం దాదాపు సున్నా. అన్నం ఎక్కువైతే మాంసం తగ్గి మూత్రం క్షారం వైపు జరుగుతుంది. టారిన్ అనే పోషకం తక్కువైతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. ఎండు చేపల్లో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. రాళ్ల చరిత్ర ఉన్న పిల్లికి పూర్తిగా ఇంటి తిండే పెట్టాలనుకుంటే పిల్లుల పోషణ తెలిసిన వెటర్నరీ డాక్టరుతో లెక్క కట్టించుకోవాలి, ఇంటర్నెట్‌లో దొరికిన రెసిపీతో కాదు.

మా దగ్గర సిట్రాల్కా ఉంది. మాకు మూత్రంలో మంటకి డాక్టరు రాశారు. రెండు చుక్కలు వేయమంటారా?

వద్దు. ఆ రకం సిరప్‌లు మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి. స్ట్రువైట్ ఉన్న పిల్లికి అది రాయిని పెంచడమే. ఆక్సలేట్ ఉన్నవాటికి డాక్టర్లు ఒక్కోసారి సిట్రేట్ ఇస్తారు, కానీ డోసు, రూపం వేరు. కొండపిండి ఆకు, పల్లేరు కషాయం, బార్లీ నీళ్లు మన ఇళ్లలో మనుషులకి వాడతారు, పిల్లికి పనిచేస్తాయనడానికి రుజువు లేదు. పైగా చేదు కషాయం కోసం మెడ పట్టుకుని నోరు తెరిపించడమే దానికి పెద్ద టెన్షన్. క్రాన్‌బెర్రీ కూడా అంతే.

టెన్షన్‌కీ మూత్రానికీ సంబంధం ఉందంటే నమ్మబుద్ధి కావట్లేదు.

నాక్కూడా మొదట విడ్డూరంగానే అనిపించింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే వెటర్నరీ డాక్టరు ఏళ్ల తరబడి ఇదే చూశారు. మందులకి లొంగని పిల్లులు చుట్టూ పరిస్థితి మార్చగానే కుదుటపడ్డాయి. ఇబ్బంది మూత్రాశయంలో ఒక్కచోటే లేదని, ఒత్తిడికి ఒళ్లంతా స్పందించే తీరులో ఉందని ఆయన వాదన.

మన ఇళ్లలో చూడండి. సంక్రాంతికి ముందు సున్నాలు, బీరువాలు జరపడం, పదిమంది చుట్టాలు, పిల్లలు తోక పట్టుకోవడం. దీపావళికి మూడు రోజులు టపాసులు. ఇల్లు మారడం. కిటికీ బయట కొత్త గండుపిల్లి వచ్చి కూర్చోవడం (ఇది చాలామంది కనిపెట్టరు). ఇలాంటివి జరిగిన రెండు మూడు రోజుల్లో సమస్య మొదలైందా అని క్యాలెండర్ వెనక్కి తిప్పి చూసుకోండి.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఎవరూ రాని ఒక గది, అందులో దాక్కోవడానికి అట్టపెట్టె, ఎక్కడానికి ఎత్తైన చోటు, దాని నీళ్లు, బాక్సు అక్కడే. తిండి వేళ మార్చకండి. రోజూ కాసేపు తాడుతో వేటాడినట్టు ఆడించండి. పండగ ముందు అవసరమైతే డాక్టరు భయం తగ్గించే గాబాపెంటిన్ లాంటి మందు రాస్తారు, మాటిమాటికీ వచ్చేవాటికి ఇంకా దీర్ఘకాలం వాడే మందులున్నాయి, అవి చివరి మెట్టు.

లిట్టర్ బాక్సు ఎలా ఉండాలి?

పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు. షాపులో దొరికేవి చాలావరకు చిన్నవే, బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకవైపు కోసి పెట్టడం నయం. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక బాక్సు ఎక్కువ, అన్నీ ఒకేచోట వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. వాసన కలిపిన లిట్టర్ మనకి బాగుంటుంది, దానికి కాదు. వాషింగ్ మెషిన్ పక్కన పెట్టి, సరిగ్గా కూర్చున్నప్పుడు స్పిన్ మొదలైందా, ఇక అటు రాదు.

గడ్డకట్టే లిట్టర్ వాడటానికి అసలు కారణం శుభ్రం కాదు, లెక్క. రోజూ తీసేటప్పుడు ఎన్ని గడ్డలు, ఎంత సైజు అని గమనిస్తుంటే ఏ జబ్బయినా మీకే ముందు తెలుస్తుంది. మామూలుగా నిమ్మకాయ కంటే పెద్దగా వచ్చే గడ్డలు ఉన్నట్టుండి గోలీలంత చిన్నవై సంఖ్య పెరిగాయంటే మొదలైనట్టే. గడ్డలే లేకపోతే పైన మొదటి ప్రశ్న చదవండి.

బరువు తగ్గించాలా?

లావుగా ఉంటే తప్పకుండా. ఇంట్లోనే ఉండి, ఆపరేషన్ అయి, కిబుల్ గిన్నె రోజంతా నిండి ఉండే మగపిల్లిదే ఎక్కువ రిస్కు. నెమ్మదిగా తగ్గించండి, మాడ్చొద్దని ముందే చెప్పా. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వల్ల నాళం సన్నబడుతుందన్నది మాత్రం నిజం కాదు.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంది. రెండిటికీ ఒకే ఫుడ్ పెట్టొచ్చా?

రెండోది ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి అయితే చాలా యూరినరీ డైట్లు దానికీ పర్వాలేదు, డాక్టర్ని ఒక్కమాట అడిగి పెట్టండి. కూన అయితే వేరే గదిలో, తలుపేసి, వేళకి పెట్టి మిగిలింది తీసేయాలి.

క్యాథెటర్ వేసి పంపారు, మళ్లీ మూసుకుపోయింది. ఆపరేషన్ అంటున్నారు.

క్యాథెటర్ తీసిన మొదటి వారం, పది రోజులే మళ్లీ మూసుకునే భయం ఎక్కువ. నాళం వాచి, బిగుసుకుని ఉంటుంది. వదులు చేసే మందులు, నొప్పి మందులు పూర్తిగా వాడాలి. ఇంత చేసినా మళ్లీ మళ్లీ మూసుకుపోతుంటే సన్నటి చివరి భాగం తీసేసి వెడల్పు దారి చేసే ఆపరేషన్ ఉంది, పెరీనియల్ యురెథ్రోస్టమీ అంటారు. దాంతో మూసుకుపోవడం చాలావరకు ఆగుతుంది, కానీ లోపలి వాపు గానీ రాళ్లు గానీ ఆగవు, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. అంటే ఆపరేషన్ తర్వాత కూడా నీళ్లూ, పౌచూ, బాక్సూ అన్నీ అలాగే కొనసాగాలి. చేసే డాక్టరుకి పిల్లుల్లో ఇది చేసిన అనుభవం ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి.

బాగానే ఉంది కదా, ఫుడ్ ఆపేయొచ్చా?

బాగుండటానికి కారణమే ఆ ఫుడ్ అయితే? స్ట్రువైట్ పిల్లి అయితే మూడు నుంచి ఆరు నెలలకోసారి మూత్రం చూపిస్తూ డాక్టరుతో కలిసి నిర్ణయించండి. ఇడియోపతిక్ అయితే బ్రాండు కంటే తడి ముఖ్యం, మంచి మామూలు పౌచ్‌తో నడిచిపోయే పిల్లులు చాలానే ఉన్నాయి.

మేం ఊరెళ్తే?

పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి "తిండి వేయండి చాలు" అనకండి. రోజూ గడ్డలు తీసి ఎన్ని ఉన్నాయో ఫోటో పంపమనండి. వాడకం లేని గదులకి తాళం వేసి పోకండి, పిల్లి దాక్కునే చోటు ఆ గదిలోనే ఉండొచ్చు. డాక్టరు నంబరు ఫ్రిజ్ మీద అంటించండి, "ఒక పూట మొత్తం గడ్డ లేకపోతే నాకు ఫోన్ చేయడానికి ఆగొద్దు, నేరుగా తీసుకెళ్లండి, డబ్బు తర్వాత చూసుకుందాం" అని ముందే చెప్పి వెళ్లండి.